చేతిపనిలో చెయ్యి ఎంత? ధారావి తోలు కార్ఖానాల మీదుగా ఒక సమీక్ష

ముంబైలో సయాన్ నుంచి బాంద్రా వెళ్లే లింకు రోడ్డు మీద, ధారావి అంచున, తోలు దుకాణాలు వరసగా కనబడతాయి. బ్యాగులు, జాకెట్లు, బెల్టులు, పర్సులు. 'హ్యాండ్‌మేడ్' అన్న మాట అక్కడ ధారాళంగా వినబడుతుంది. ఆ దుకాణాల వెనక సందుల్లో, ఇరుకు మెట్లెక్కి చేరుకునే కార్ఖానాల్లో మాత్రం కుట్టుమిషన్లు, తోలు అంచులు పలచన చేసే మిషన్లు, పట్టీలు కోసే మిషన్లు, వేడి అచ్చులు పొద్దస్తమానం పనిచేస్తుంటాయి. మరి దుకాణంలో విన్న మాట అబద్ధమా? మిషను మీద కూర్చున్నది మనిషే కదా అన్నది కార్ఖానా వాదన. ఆరె, రెండు సూదులు, మైనం పట్టించిన దారం తప్ప మరొకటి ముట్టని వాళ్లు ఆ మాట తమకే చెందుతుందంటారు.

తోలుపని ఉన్న ప్రతి పెద్ద నగరంలోనూ ఈ తగవు ఉంది. పన్ను చట్టానిది ఒక కొలత, ఆన్‌లైన్ అంగడిది ఇంకొకటి, పనితనం గురించి ఆలోచించిన వాళ్లది మరొకటి. వీటిలో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. వలస, కులం, చట్టం, నేల ధర అన్నీ ఒకేచోట ముడిపడి ఉన్నందువల్ల ధారావిని ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ఊరవతలి పని నగరం మధ్యకు

ధారావిలో తొలి తోళ్ల కార్ఖానా 1887లో వచ్చిందని చరిత్ర. బొంబాయి పెరుగుతున్నకొద్దీ కంపు కొట్టే పనులన్నిటినీ ఊరి పొలిమేర దాటించారు. మాహిం కయ్య పక్కన బురదనేల, బాంద్రాలో కబేళా, కావలసినన్ని నీళ్లు. తోళ్లు పదునుచేయడానికి అంతకంటే అనువైన చోటు లేదు. తిరునెల్వేలి నుంచి వచ్చిన తమిళ ముస్లింలు ఆ పరిశ్రమను నిలబెట్టారు. మహారాష్ట్రలో తోళ్లు పదునుచేసే ఢోర్లు, చెప్పులు కుట్టే చర్మకారులు వాళ్లకు తోడయ్యారు. నగరం ఉత్తరానికి పాకేసరికి ఒకప్పటి పొలిమేర నడిబొడ్డయింది. ఇవాళ సుమారు 600 ఎకరాల ఆ నేల దేశంలోనే ఖరీదైన స్థలాల్లో ఒకటి.

1971లో కబేళా బాంద్రా నుంచి దేవనార్‌కు మారింది. తరవాతి దశాబ్దాల్లో కాలుష్యం కారణంగా తోళ్లు పదునుచేసే పని ధారావి నుంచి చాలావరకు తరలిపోయింది. కోల్‌కతాలోనూ ఇదే కథ: టాంగ్రాలోని చైనా కుటుంబాల తోళ్ల కార్ఖానాలను, ఇరుగుపొరుగు పేటలవాటిని బంతలాకు తరలించమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ధారావిలో మిగిలింది సరుకు కుట్టే పని. ఇప్పుడు చెన్నై, కాన్పూర్, కోల్‌కతా నుంచి తయారైన తోలు వస్తుంది. కోసేవాడు, అతికేవాడు, కుట్టేవాడు ఎక్కువగా బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వస్తారు. కూలి చాలాచోట్ల పీసు లెక్కన.

2015లో మహారాష్ట్ర ఎద్దుల వధను కూడా నిషేధించింది. ఆవుల వధ మీద నిషేధం అప్పటికే ఉంది. గేదె తోలుకు అడ్డు లేకపోయినా, తోలు తరలించడమంటేనే భయం పట్టుకుంది, పని సన్నగిల్లింది. ఆ పరిస్థితిలోనే సుధీర్ రాజ్‌భర్ అనే చిత్రకారుడు ధారావి దళిత, ముస్లిం పనివాళ్లతో 'చమార్ స్టూడియో' మొదలుపెట్టాడు. అక్కడ సరుకు తోలు కాదు, పాత రబ్బరును మళ్లీ వాడకానికి తెచ్చి చేసిన షీటు. చెయ్యి తోలుపనివాడిదే, పనితనం తోలుపనిదే, తోలు మాత్రం లేదు. సరుకును బట్టి చేతిపనిని నిర్ణయించే వాళ్లకు ఇది మొదటి చిక్కు.

పచ్చితోలు నుంచి పర్సు దాకా

చెయ్యి ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే పనిని అంచెలంచెలుగా చూడాలి.

పాత పద్ధతిలో పచ్చితోలును సున్నపునీళ్లలో నానబెట్టి వెంట్రుకలు ఊడదీసేవారు. లోపలివైపు పొరలు గీకి, తంగేడు చెక్కా కరక్కాయా నానిన లందల్లో వారాల తరబడి ఊరబెట్టేవారు. మనకు బతుకమ్మలో పేర్చే పువ్వుగా తెలిసిన తంగేడు, దక్షిణాది తోళ్ల వ్యాపారానికి వెన్నెముక. దాని బెరడుతో పదునైన తోళ్లు 19వ శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి ఓడల మీద విదేశాలకు వెళ్లేవి. క్రోమియం లవణాల పద్ధతి 19వ శతాబ్దం చివర అమెరికాలో స్థిరపడి, 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ ప్రయోగాలతో మద్రాసుకు చేరింది. దాంతో లందలో వారాల పని తిరిగే పీపాల్లో గంటల పనైంది. తోలు మందాన్ని పొరలుగా చీల్చడం, పైన రంగు చిమ్మడం, నున్నగా నొక్కడం అన్నీ యంత్రాలే చేస్తున్నాయి.

అంటే ఎంత నిష్ఠగా సూదితో కుట్టినా, ఆ సూది గుచ్చుకునే తోలు మిషన్ల మీదుగా వచ్చినదే. మొదటి నుంచి చివరిదాకా అంతా చేత్తోనే అనే కొలత పెడితే నేటి నగరాల్లో నెగ్గే పర్సు దాదాపు ఉండదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నగల విషయంలో పెట్టిన నియమం చాలా గట్టిది. ఆకారం తీర్చడం, తుదిమెరుగు, అలంకారం అన్నీ చేతిశ్రమతో, చేతి అదుపులో నడిచే పద్ధతులతో జరగాలి. ఆ నియమం కూడా రేకును, తీగను ముడిసరుకుగానే ఒప్పుకుంటుంది. తోలుకూ అంతే న్యాయం చెయ్యాలి: లెక్క కత్తి దగ్గర మొదలుకావాలి.

ఆ కత్తి దగ్గరే అసలు విద్య ఉంది. ఒకే తోలులో వీపు భాగం గట్టిది, పొట్ట భాగం సాగుతుంది, మెడ దగ్గర ముడతలుంటాయి. గోమారి కాట్లు, ముళ్లు గీసిన గీతలు, వాతల గుర్తులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, బ్యాగు ముందుభాగం ఎక్కడ వెయ్యాలో, లోపలి జేబు ఎక్కడ వెయ్యాలో, పట్టీ ఏ దిక్కున సాగకుండా ఉంటుందో తేల్చుకుని కొయ్యాలి. ఒక్క కోత తప్పితే తోలు దండగ. తరవాత మడత వచ్చేచోట అంచును పలచన చెయ్యాలి. మరీ పలచనైతే చిరుగుతుంది, మందంగా ఉంటే మడత ఉబ్బుతుంది. మన చెప్పులు కుట్టేవాళ్లు దీన్ని రంపెతో చేసేవారు. ఇప్పుడు చిన్న మిషను చేస్తుంది, కానీ ఏ అంచు ఎంత అన్నది దాని ముందు కూర్చున్నవాడు చూసుకోవాలి. ఆపైన అతుకు, కుట్టు, అంచులకు రంగు లేదా రాపిడితో మెరుగు.

కొనేవాళ్లు ఎక్కువగా చూసేది కుట్టునే. జీనుకుట్టులో ఒకే దారానికి రెండు చివర్లా రెండు సూదులుంటాయి. ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోనూ రెండూ ఎదురెదురుగా దూరతాయి. ఒకచోట దారం తెగినా రెండో వరస పట్టుకునే ఉంటుంది. మిషను కుట్టులో పై దారం, కింద బాబిన్ దారం తోలు మధ్యలో ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి. ఒకటి తెగితే కుట్టు జారే ప్రమాదం ఎక్కువ. కాబట్టి గుర్రపు జీనుకు, బరువు మోసే పట్టీకి, రోజూ వాడే బెల్టుకు జీనుకుట్టు మేలు. అదే మెత్తటి గొర్రెతోలు జాకెట్టును జీనుకుట్టుతో కుట్టడం వృథాశ్రమ. దానికి మిషను కుట్టే సరైనది. వంపులో తోలు ముడతపడకుండా, రెండుసార్లు పొడవడానికి వీల్లేని సరుకు మీద మిషనును నడిపించడం కూడా ఏళ్లు పడితేగాని రాని పని. బట్టలో సూది తప్పితే విప్పి కుట్టొచ్చు, తోలులో రంధ్రం పడితే పడినట్టే.

పనితనం గురించి రాసిన వాళ్లలో నాకు అందరికంటే అక్కరకొచ్చినవాడు కొయ్యపని తెలిసిన ఆంగ్ల ఆచార్యుడు డేవిడ్ పై. 1968లో రాసిన పుస్తకంలో ఆయన చెయ్యి, మిషను అనే విభజననే పక్కన పెట్టాడు. పనివాడి తీర్పు, నైపుణ్యం, శ్రద్ధల మీద ఫలితం ఆధారపడి, చివరి క్షణం దాకా చెడిపోయే అవకాశం ఉండే పని ఒక రకం. పని మొదలుకాకముందే ఫలితం ఖాయమైపోయిన పని ఇంకో రకం. మొదటిదానికి ఆయన ముప్పుతో కూడిన పనితనమని పేరుపెట్టాడు, రెండోదానికి నిశ్చయమైన పనితనమని. ఈ కొలతతో చూస్తే ధారావిలో కత్తితో తోలు కోసేవాడిది మొదటి రకం. అచ్చుకత్తిని ప్రెస్సు కింద పెట్టి ఒకే ఆకారాన్ని వందలుగా కోస్తే ఆకారం మటుకు రెండో రకం, ఆ అచ్చును తోలు మీద ఎక్కడ పెట్టాలన్నది ఇంకా మొదటి రకమే. కుట్టుమిషను పని చాలావరకు మొదటిదే. లేజరుతో చెక్కిన 'చేతి' డిజైను పూర్తిగా రెండోది. మిషను ఉంది లేదు అనే కొలతకంటే ఇది నిజానికి దగ్గర.

చట్టాల కొలతలు

1997 అక్టోబరులో మనీలాలో యునెస్కో ఏర్పాటుచేసిన సదస్సు ఒక నిర్వచనం ఇచ్చింది. పూర్తిగా చేత్తో చేసినా, పనిముట్లు వాడినా, యంత్రసాయం తీసుకున్నా, తయారైన వస్తువులో పనివాడి ప్రత్యక్ష శ్రమే అతి ముఖ్యమైన భాగంగా ఉండాలన్నది దాని సారం. మన సుప్రీంకోర్టు 1990లలో లూయీ షాప్ కేసులో, కలప సామాను హస్తకళ అవుతుందా అన్న తగవులో, దాదాపు అదే దారి పట్టింది: ప్రధానంగా చేత్తో చేసి ఉండాలి, కొంత యంత్రం వాడినా ఫరవాలేదు, అయితే అలంకారం, పొదుగు వంటి పనితో కంటికి ఇంపుగా ఉండాలి. 2018 జులైలో జీఎస్టీ నోటిఫికేషన్ ఆ మాటల్నే తీసుకుని, సౌందర్యపరంగానో సాంస్కృతికంగానో ప్రత్యేకత ఉండాలని, యంత్రంతో చేసిన అలాంటి వస్తువుకు బాగా భిన్నంగా ఉండాలని కలిపింది.

ఇందులో రెండు లోపాలున్నాయి. 'ప్రధానంగా' అంటే దేని లెక్కన? గంటలా, అంచెలా, ఖర్చా? చట్టం చెప్పదు. రెండోది ఇంకా పెద్దది. నగిషీని కొలతగా పెట్టడంవల్ల ఏ అలంకారమూ లేకుండా, తోలు మంచిదనమూ కుట్టు నాణ్యతా మాత్రమే ఉన్న బెల్టు హస్తకళ కాకుండా పోయే వీలుంది. నాసిరకం తోలు మీద నాలుగు పూలు చెక్కితే అది ముందుకొస్తుంది. తోలుపనిలో గొప్పతనం తరచు కనబడని చోట, అంటే మడత లోపల, పలచన చేసిన అంచులో, పట్టీ అతుకులో ఉంటుంది. చట్టం పైపై చూపుకే మార్కులు వేసింది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం వేరే దారి పట్టింది. వస్తువును వదిలేసి మనిషిని నిర్వచించింది: అసంఘటిత రంగంలో, కుటుంబ వృత్తిగా, చేతులతో, పనిముట్లతో సొంతంగా పనిచేసేవాడు. 18 వృత్తుల్లో చెప్పులు కుట్టేవాళ్లూ ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు. కానీ ధారావిలో పీసు లెక్కన పనిచేసే కుర్రాడు సొంతంగా పనిచేసేవాడు కాడు, చాలాసార్లు అది అతని కుటుంబ వృత్తీ కాదు. ఒక చట్టానికి అతని వస్తువు చాలదు, ఇంకో పథకానికి అతనే చాలడు.

నేత విషయంలో మన దేశం ఇంతకంటే స్పష్టంగా ఉంది. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం మరమగ్గం కానిదే చేనేత అని గీత గీసింది, కొన్ని రకాల బట్టను చేనేతకే కేటాయించింది. 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ వచ్చింది. పోచంపల్లి, మంగళగిరి నేతగాళ్ల కష్టాలు దాంతో తీరలేదు, దొంగ సరుకూ ఆగలేదు. అయినా పట్టుకుని అడగడానికి ఒక గీత ఉంది. మగ్గం ఒకే సాధనం కాబట్టి అది సాధ్యమైంది. కోత, పలచన, అతుకు, కుట్టు, మెరుగు అని విడిపోయే తోలుపనికి అలాంటి ఒక్క గీత కుదరదు. అంచెలవారీగా చెప్పడమొక్కటే మార్గం.

అంగడి కొలతలు

ఆన్‌లైన్ అంగళ్లు ఈ మాటను రబ్బరులా సాగదీశాయి. చేతిపని అంగడిగా 2005లో మొదలైన ఎట్సీ, 2013లో అమ్మకందార్లు బయటి తయారీదార్ల సాయం తీసుకోవచ్చని ఒప్పుకుంది. 2024లో సరుకును తయారుచేసినవి, డిజైను చేసినవి, ఏరి తెచ్చినవి, సమకూర్చినవి అని విడగొట్టి చూపడం మొదలుపెట్టింది. అమెజాన్ 2015లో హ్యాండ్‌మేడ్ విభాగం తెరిచింది. ఇలాంటి అంగళ్లలో తరచు డిజైను చేసినవాడి పేరు తెలుస్తుంది, కుట్టినవాడి పేరు తెలియదు.

ఖరీదైన వైపు చూస్తే 1837లో గుర్రపు సామాను దుకాణంగా పుట్టిన ఎర్మెస్, ఒక బ్యాగును మొదటినుంచి చివరిదాకా ఒకే పనివాడు కుట్టే సంప్రదాయాన్ని తన గొప్పగా చెప్పుకుంటుంది. ధారావిలో ఒక బ్యాగు అయిదారుగురి చేతుల మీదుగా నడుస్తుంది. ఒక్క చెయ్యి అయితేనే చేతిపని, అయిదు చేతులైతే కాదనడంలో అర్థం లేదు. మన ఊళ్లలో బండి చేసిందీ వడ్రంగీ, కమ్మరీ కలిసే. పని పంచుకోవడంవల్ల చేతిపని తగ్గదు. ఎవరికీ మొత్తం పని తెలియకుండా పోయినప్పుడు తగ్గుతుంది.

పెద్ద బ్రాండు పేరుంటే నమ్మొచ్చా? 2024 జూన్‌లో మిలన్ కోర్టు డియోర్ అనుబంధ సంస్థ ఒకదాన్ని న్యాయపాలన కింద ఉంచింది. ఉప కాంట్రాక్టర్ల కార్ఖానాల్లో పనివాళ్లు అక్కడే నిద్రపోతూ, మిషన్లకు భద్రతా పరికరాలు తీసేసి పనిచేసినట్టు దర్యాప్తులో తేలింది. దుకాణంలో 2,600 యూరోలకు అమ్మే ఒక బ్యాగుకు, ముడిసరుకు కాక, సరఫరాదారుకు ఇచ్చింది 53 యూరోలని కోర్టు పత్రాలు చెప్పాయి. ఆ పాలనను 2025లో గడువుకు ముందే ఎత్తేశారు. ఇటలీలో తయారైన బ్యాగన్న మాట అక్కడ అక్షరాలా నిజమే. కొన్నవాడు దానిలో ఊహించుకున్న గౌరవం మాత్రం పనివాడికి దక్కలేదు.

ఆ చెయ్యి ఎవరిది

చేతిపని గురించి ముచ్చటగా రాసే వ్యాసాలు దాటవేసే ప్రశ్న ఇది. మన దేశంలో తోలు ముట్టిన చేతిని ముట్టుకోకూడదన్నారు. తెలుగుపల్లెల్లో రైతుకు చెప్పులు, మోటబొక్కెనలు, ఎద్దులకు తోలు వార్లు ఇచ్చింది మాదిగలు. కళ్లం దగ్గర వాళ్లకు మేర కొలిచేవారు. ఆ చెప్పులు ఎవరు కుట్టారో రైతుకు పేరుతో సహా తెలుసు. వాటా ఉంది, పేరు ఉంది, గౌరవం లేదు. జాషువా 1941లో 'గబ్బిలం' కావ్యానికి ఈ కులంవాడినే నాయకుడిగా ఎంచుకోవడం అందుకే అంత పెద్ద ధిక్కారమైంది.

నగరం దీన్ని తలకిందులు చేసింది. ధారావి కార్ఖానాలో పేరు లేదు, వాటా లేదు, కానీ కులం అడిగేవాళ్లు తక్కువ. అజ్ఞాతం చాలామందికి నష్టం కాదు, ఊరట. కాబట్టి ప్రతి పర్సు మీదా కుట్టినవాడి పేరు వెయ్యాలని ఉత్సాహపడేవాళ్లు ఒకటి ఆలోచించాలి: పేరు చూసి కులం పట్టే దేశంలో ఆ ముద్ర వేసుకోవడం, మానడం కుట్టినవాడి ఇష్టం కావాలి. రాజ్‌భర్ తన సంస్థకు తిట్టుగా వాడే కులం పేరునే పెట్టుకున్నది తెలిసి చేసిన ఎంపిక. అందరి మీదా దాన్ని రుద్దలేం.

కొల్హాపురి చెప్పుల వ్యవహారం ఇక్కడ పాఠం లాంటిది. బాబుల్ బెరడు, కరక్కాయలతో పదునుచేసిన తోలు, మేకు లేకుండా తోలుతాడుతోనే కుట్టు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఎనిమిది జిల్లాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2025 జూన్‌లో మిలన్‌లో ప్రాడా అదే పోలికతో చెప్పులు ప్రదర్శించి మూలం చెప్పలేదు. గొడవయ్యాక ఒప్పుకుంది. డిసెంబరులో ఆ రెండు రాష్ట్రాల తోలు పరిశ్రమల సంస్థలతో ఒప్పందం చేసుకుని, ఇక్కడే 2,000 జతలు చేయించి జత సుమారు 800 యూరోలకు అమ్ముతామంది. గుర్తింపు ఉండబట్టే అడగడానికి ఆధారం దొరికింది. ధారావికి అలాంటి గుర్తింపేదీ లేదు. అక్కడ పుట్టిన బ్యాగు ఏ పేరుతోనైనా అమ్ముడుపోవచ్చు.

మనకు దగ్గరి ఉదాహరణ నిమ్మలకుంట. ధర్మవరం దగ్గరి ఆ ఊళ్లో మేకతోలును వెలుతురు పారేంత పలచగా శుభ్రంచేసి, గీసి, చిన్న ఉలులతో ఒక్కో రంధ్రమూ కొట్టి, రంగులద్ది బొమ్మలు చేస్తారు. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020లో అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ ఇచ్చారు. ఆట తగ్గింది, ఇప్పుడు ఎక్కువగా దీపాల గొడుగులే చేస్తున్నారు. రంగులు బజారులో కొన్నవే, లోపల వెలిగేది కరెంటు బల్బే. అయినా అది చేతిపనా అని ఎవరూ అడగరు. నిర్ణయించే అంచె, అంటే గీతా రంధ్రమూ, చేతిలోనే ఉంది. చేసినవాళ్లెవరో తెలుసు.

తేలిందేమిటి

సమీక్షలో నిలిచిన కొలతలు మూడు. ఒకటి, తప్పు జరిగే అవకాశమున్న ముఖ్యమైన అంచెల్లో తీర్పు చెప్పేది మనిషేనా? రెండు, ఆ పని ఎక్కడ, ఎవరి దగ్గర జరిగిందో దాచకుండా చెబుతున్నారా? మూడు, అమ్మిన ధరలో చేసినవాడికి చెప్పుకోదగ్గ వాటా ఉందా? మొదటిదానికి ధారావి కార్ఖానాల్లో చాలావరకు జవాబు అవును, కుట్టుమిషను ఉన్నా సరే. రెండు, మూడింటికి చాలాచోట్ల కాదనే చెప్పాలి. ఆరె, సూదులు తప్ప మరొకటి ముట్టని వాళ్లు జీనుకుట్టుతో కుట్టిన పర్సు మొదటి రెంటిలో సులువుగా నెగ్గుతుంది, కానీ దానివల్ల మిషను మీద కుట్టిన పర్సు అబద్ధమైపోదు.

చెయ్యవలసినవి పెద్ద పనులేం కావు. 'హ్యాండ్‌మేడ్' అనే ఒక్క మాట బదులు చీటీ మీద అంచెలు రాయాలి: కోత చేత్తో, కుట్టు మిషనుతో, అంచు చేత్తో, తోలు ఫలానా ఊరిది. జీఎస్టీ నిర్వచనం నుంచి నగిషీ షరతు తీసేసి పనితనాన్ని కొలతగా పెట్టాలి. పీసు లెక్కన పనిచేసేవాళ్లను పథకాల్లో చేర్చాలి. ధారావి తోలుపనికి ఒక ఉమ్మడి ముద్ర ఉండాలి.

వీటన్నిటికంటే ముందు ఆ కార్ఖానాలు బతకాలి. 2022 నవంబరులో అదానీ సంస్థ బిడ్డు గెలిచాక ధారావి పునర్నిర్మాణం కదిలింది. ఉచిత ఇల్లు 2000 జనవరి 1కి ముందున్న కింది అంతస్తు వాళ్లకే. చాలా కార్ఖానాలూ, వాటిలోనే పడుకునే పనివాళ్లూ ఉన్నది పై అంతస్తుల్లో. కోసేవాడు ఒక మూలకు, కుట్టేవాడు ఇంకో మూలకు, దుకాణం మరోచోటికి పోతే ఆ పనికి ఊపిరైన ఇరుగుపొరుగు తెగిపోతుంది. చేతిపనిని కాపాడతామనే ప్రభుత్వం ముందు ఆ చేతులకు పనిచేసే చోటు చూపాలి.

కొనేవాళ్లు చెయ్యగలిగిందీ ఉంది. ఈసారి తోలు వస్తువు కొంటున్నప్పుడు చేత్తో చేసిందేనా అని అడగకండి, ఎవరైనా అవుననే చెబుతారు. ఏ పని చేత్తో చేశారు, ఎక్కడ చేశారు, కుట్టినవాళ్లకు ఎంత ముట్టింది అని అడగండి. జవాబు చెప్పగలిగిన దుకాణంలోనే కొనండి.